సయాన్ చావు ఖరీదెంత?

ఐదుగురేసి ఉండే రెండు జట్లు ఒకరి కోటను ఒకరు కూల్చడానికి పోరాడే వీడియో గేమ్ లీగ్ ఆఫ్ లెజెండ్స్. దాన్ని ఆడేవారిలో ఒక చిన్నచూపు పాతుకుపోయింది. మ్యాపులో పై దారి అయిన టాప్ లేన్‌లో ట్యాంకును, అంటే దెబ్బలు ఓర్చుకునే దిట్టమైన పాత్రను ఎంచుకున్నవాడు కష్టపడటం ఇష్టం లేనివాడని, చేతిలో పనితనం లేకే దిట్టమైన ఒంటిని నమ్ముకున్నాడని అనుకుంటారు. ఫియోరా, రివెన్, కమిల్ వంటి పాత్రలను ఆడేవారి వేళ్ల వేగానికి ముచ్చటపడే ప్రేక్షకులే, సయాన్ వంటి ట్యాంకు తెరమీదికి రాగానే దెబ్బలు తినడానికి నైపుణ్యం దేనికని పెదవి విరుస్తారు. ఈ మాటలో సగం నిజమే. దెబ్బలు తినడానికి నైపుణ్యం అక్కర్లేదు. ఎవరి దెబ్బ, ఎక్కడ, ఎంతసేపు తినాలో, దానికి బదులుగా ఏం రాబట్టుకోవాలో తేల్చుకోవడానికి మాత్రం చాలానే కావాలి. ట్యాంకు ఒంట్లోని ప్రాణం దాచుకోవలసిన సొమ్ము కాదనీ, ఖర్చుపెట్టి సమయాన్ని కొనుక్కోవలసిన పెట్టుబడి అనీ గ్రహించనంత వరకు ఎన్ని వందల ఆటలు ఆడినా ఈ పాత్ర పట్టుబడదని నా అభిప్రాయం.

సయాన్‌ను ఉదాహరణగా తీసుకోవడానికి కారణం ఉంది. రయట్ గేమ్స్ 2009లో ఈ ఆటను విడుదల చేసిన నాటి నుంచీ ఉన్న పాత్ర ఇది. 2014లో దాని రూపాన్నీ శక్తులనూ మొత్తంగా మార్చారు. కథ ప్రకారం సయాన్ నోక్సస్ సామ్రాజ్యపు సేనాని. శత్రు రాజ్యమైన డెమేసియా రాజు మొదటి జార్వన్‌ను చంపి తానూ చచ్చాడు, తరువాత అతని శవానికి మళ్లీ ఊపిరి పోశారు. ఆ కథనే ఆట సూత్రంగా మలచడంలో రూపకర్తల నేర్పు కనిపిస్తుంది. ప్రాణం పోయాక సయాన్ వెంటనే మాయం కాడు. వేగంగా కరిగిపోయే ప్రాణంతో లేచి నిలబడి, చేతికందిన వారిని కొన్ని క్షణాల పాటు నరుకుతాడు. ఆ స్థితిలో అతనికి మామూలు శక్తులు ఉండవు. పరుగు వేగాన్ని పెంచుకోవడం, గొడ్డలితో నరకడం తప్ప వేరే పని లేదు. చావు తరువాత కూడా నిర్ణయం తీసుకోవలసిన పాత్రలు ఈ ఆటలో అరుదు.

దిట్టతనం వెనుక ఉన్న లెక్క పైకి కనిపించేదాని కంటే ఆసక్తికరమైనది. శారీరక దెబ్బను ఆర్మర్ తగ్గించే సూత్రం సరళం: 100ను, 100 కూడిన ఆర్మర్‌తో భాగిస్తే వచ్చే వంతు దెబ్బే తగులుతుంది. అంటే 100 ఆర్మర్ ఉంటే సగం, 200 ఉంటే మూడో వంతు. మంత్ర దెబ్బల విషయంలో మ్యాజిక్ రెసిస్ట్‌కూ ఇదే సూత్రం. దీన్నే తిప్పి చెబితే, ప్రతి ఆర్మర్ పాయింటూ ఉన్న ప్రాణంలో ఒక శాతాన్ని అదనంగా చేరుస్తుంది. రెండు వేల ప్రాణం ఉన్నవాడికి ఒక పాయింటు అదనంగా 20 ప్రాణం విలువ చేస్తే, నాలుగు వేలు ఉన్నవాడికి 40 చేస్తుంది. సయాన్ తన కవచ శక్తి వల్ల చిన్న మినియన్‌ను (ఇరు జట్ల తరఫునా వరుసలుగా వాటంతటవే నడిచివచ్చే సైనికుల్లో ఒకటి) చంపినప్పుడల్లా 4, పెద్దదాన్ని చంపినా, శత్రు వీరుణ్ణి చంపడంలో పాలుపంచుకున్నా 15 చొప్పున గరిష్ఠ ప్రాణాన్ని శాశ్వతంగా కూడబెడతాడు. దీనికి పరిమితి లేదు. కాబట్టి ప్రాణం ఊరికే పెరిగే ఈ పాత్రకు డబ్బు పెట్టి కొనవలసింది ముందుగా ఆర్మరూ మ్యాజిక్ రెసిస్టూ. కొత్తవారు సరిగ్గా దీనికి విరుద్ధంగా చేస్తారు. 2022 చివర్లో హార్ట్‌స్టీల్ వచ్చాక ఆ మోజు మరీ ముదిరింది. శత్రు వీరుడి మీద తన ప్రత్యేక దెబ్బ పడినప్పుడల్లా ప్రాణాన్ని పెంచే ఆ వస్తువు మోగించే గంట చప్పుడులో ఏదో మత్తు ఉంది. ఆరు వేలు, ఏడు వేలు దాటిన ప్రాణాన్ని చూసుకుని మురిసిపోయేవారిని చాలామందిని చూశాను, ఆ జాబితాలో నేనూ ఉన్నాను. ఎదుటి జట్టులో వేన్ అనే విలుకత్తె ఉంటే ఆ మురిపెం ఎంతోసేపు నిలవదు. ఆమె వెండి బాణాలు మూడో దెబ్బకు గరిష్ఠ ప్రాణంలో కొంత శాతాన్ని కోస్తాయి, ఆ కోతను ఆర్మర్ అడ్డుకోలేదు. ఫియోరా గుర్తుపట్టి కొట్టే బలహీన స్థానాలదీ అదే తీరు. శాతాల్లో కొట్టేవారి ముందు ప్రాణం ఎంత పెరిగినా, అది పోవడానికి పట్టే దెబ్బల సంఖ్య దాదాపు మారదు. అటువంటి ఆటలో వారి చేతులు కట్టేయడమే సయాన్‌కు మిగిలిన దారి.

చేతులు కట్టేయడానికి అతని దగ్గరున్న ముఖ్య సాధనం గొడ్డలి వేటు. బటన్ నొక్కి పట్టుకుంటే రెండు సెకన్ల వరకు వేటు బలం పెరుగుతూ పోతుంది. కనీసం ఒక సెకను పట్టి వదిలితే ఎదుటివారు గాల్లోకి లేచి నిశ్చేష్టులవుతారు. ఆ సమయమంతా సయాన్ కదలలేడు, వేటు పడే చోటు నేలమీద అందరికీ కనబడుతూనే ఉంటుంది. చూడగానే ఇంత మొద్దు శక్తి ఎవరికి తగులుతుందని అనిపిస్తుంది. అనుభవజ్ఞులు దాన్ని దెబ్బగా కాక బెదిరింపుగా వాడతారు. గొడ్డలి ఎత్తిన క్షణంలో ఎదుటివాడికి మూడే దారులు: వెనక్కి తగ్గి మినియన్లను వదులుకోవడం, పక్కకు తప్పుకోవడం, లేదా సయాన్‌ను ఆపే శక్తిని వాడేయడం. ఆపితే ఆ వేటు రెండు సెకన్లలో మళ్లీ సిద్ధమవుతుంది, ఆపినవాడి శక్తి మాత్రం ఖర్చయిపోతుంది. ఇక పక్కకు తప్పుకునేవాడు ఎటు తప్పుకుంటాడన్నది అంచనా వేసి, పూర్తి బలం వచ్చేదాకా ఆగకుండా సరిగ్గా సెకను దాటగానే వదలడం అసలు విద్య. అత్యాశతో పట్టుకుని కూర్చుంటే గొడ్డలి ఖాళీ నేలను నరుకుతుంది. అతని గర్జన కూడా ఇటువంటిదే. మినియన్‌కు తగిలితే అది ఎగిరి దూరంగా ఉన్నవాడి మీదికి దూసుకుపోయి వేగాన్నీ ఆర్మర్‌నూ తగ్గిస్తుంది, అంటే మినియన్ల వరుస నిలుచున్న తీరును చదవగలిగినవాడికే అది ఆయుధం. ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన దేశంలో ఈ ఆట ఆడేవారు ఎక్కువగా ఆగ్నేయాసియా సర్వర్లనే ఆశ్రయిస్తూ వచ్చారు. హైదరాబాద్‌లోనో గుంటూరులోనో నొక్కిన బటన్ సముద్రం దాటి వెళ్లి రావలసిన చోట, రెప్పపాటు స్పందన కంటే అర సెకను ముందుచూపును కోరే ఇటువంటి పాత్ర మనవారికి అనువైనదే.

అసలు వివాదం చావు దగ్గర మొదలవుతుంది. 'ద బౌస్'గా పేరుపడిన స్వీడన్ స్ట్రీమర్ సయాన్‌ను ఆడే పద్ధతి చూసి మొదట్లో నవ్వనివారు లేరు. దారిని కాపలా కాసే శత్రువు మొదటి టవరును దాటి, రెండు టవర్ల నడుమ నిలబడి, ఇంకా లేనుకు చేరని మినియన్లను అక్కడే నరికేయడం, పట్టుబడితే చావడం, చచ్చాక లేచి మళ్లీ నరకడం. స్కోరుబోర్డు మీద చావుల సంఖ్య రెండంకెలకు చేరేది. అయినా ఆయన ఈ పద్ధతితోనే యూరప్ సర్వరులో అత్యున్నతమైన చాలెంజర్ శ్రేణిలో నిలిచారు. దీని వెనుక వ్యాపారి లెక్క ఉంది. ఒక వీరుణ్ణి చంపితే మామూలుగా 300 గోల్డ్ వస్తుంది. వరుసగా చచ్చేవాడి తల ఖరీదు మాత్రం మెట్టుమెట్టుగా పడిపోతూ వందకు చేరువవుతుంది. ఒక్కో మినియన్ల వరుస విలువే వంద గోల్డ్‌కు పైచిలుకు. రెండు వరుసలు తిని చచ్చిన సయాన్, తనను చంపినవారికి ఇచ్చినదాని కంటే ఎక్కువే సంపాదించాడన్నమాట. దానికి తోడు అతణ్ణి తరమడానికి టాప్ లేనరూ, దారుల మధ్య అడవిలో తిరిగే జంగ్లరూ ఇద్దరూ వచ్చి ఉంటే, ఆ ఇరవై సెకన్లు మ్యాపు రెండో వైపున వారి జట్టు నలుగురికి ముగ్గురితో తలపడుతోంది. ఆలోగా అడ్డులేని సయాన్ మినియన్లు మొదటి టవరును తొలుస్తుంటాయి. ఆరంభ స్థాయిల్లో మళ్లీ బతకడానికి పట్టేది పది సెకన్ల పైచిలుకే. దూరంగా ఉన్న లేనుకు నేరుగా చేర్చే టెలిపోర్ట్ మంత్రం సిద్ధంగా ఉంటే చావుకూ తిరిగి లేనుకు రావడానికీ మధ్య జరిగే నష్టం ఇంకా తక్కువ.

అయితే ఈ లెక్కను సగం నేర్చినవారు జట్టుకు చేసే చేటు అంతా ఇంతా కాదు. చావును పెట్టుబడి అని పిలవడం తేలిక. ప్రతి చావుకూ ప్రతిఫలం చూపించడం కష్టం. ఒక్కడే వచ్చి చంపి వెళ్లాడంటే, చచ్చేముందు మినియన్లు మిగిలిపోయాయంటే, మిగతా నలుగురూ ఆ సమయంలో ఏమీ గెలుచుకోలేదంటే అది పెట్టుబడి కాదు, దుబారా. పైగా ఇది ఒప్పందం లేని ఒప్పందం మీద నడిచే పద్ధతి. పైన నేను ఇద్దరిని ఆపుతున్నాను, కింద మీరు జట్టుకు బలమిచ్చే డ్రాగన్‌ను చంపండి అన్న సంగతి ముక్కూమొహం తెలియని నలుగురు సహచరులకు అర్థం కావాలి. అర్థం కాకపోతే వారికి కనబడేది మాటిమాటికీ చచ్చే టాప్ లేనరు మాత్రమే, వారి కోపం అన్యాయమని నేను అనలేను. వృత్తి జట్లలో సయాన్‌ను తరచూ సాయం అందని లేనులో ఒంటరిగా వదిలేస్తారు. అక్కడ ఐదుగురికీ ఆ పథకం ముందే తెలుసు కనుక చావు కంటే ఓపికే ఎక్కువగా కనిపిస్తుంది.

ఆట ముదిరాక ఈ లెక్కంతా తలకిందులవుతుంది. మళ్లీ బతకడానికి 50 సెకన్లకు పైగా పట్టే దశలో ఒక్క చావుకు ఎదుటి జట్టు బ్యారన్ అనే పెద్ద రాక్షసినో, ఏకంగా కోటనో తీసుకుపోగలదు. అరగంట దాటిన ఆటను ఊహించండి. డ్రాగన్ పుట్టడానికి ముప్పావు నిమిషం ఉంది, పై లేనులో రెండు వరుసల మినియన్లు ఊరిస్తున్నాయి, సయాన్ దగ్గర టెలిపోర్ట్ లేదు. పదో నిమిషంలో అయితే ఆలోచించకుండా పైకి వెళ్లేవాడే. ఇప్పుడు పైకి వెళ్లి ఆ వరుసలను తోసి, ఎనిమిది సెకన్ల పాటు ఎవరూ ఆపలేని తన ఉరుకు శక్తితో కిందికి చేరగలడా, మధ్యలో గోడకు గుద్దుకోకుండా, ఎదుటివారు పసిగట్టక ముందే? చేరగలిగితే వెనుక నిలబడిన వేన్ మీదికి నేరుగా వెళ్లి, చచ్చాక కూడా ఆమెను వదలకుండా వెంటాడి, తన జట్టుకు కావలసిన ఆ కొద్ది క్షణాలు సంపాదిస్తాడు. చేరలేనని లెక్క తేలితే మినియన్లను వదిలేసి ముందే వచ్చి పొదలో నిలబడాలి. ఆ రెండు వరుసల గోల్డ్ మీద మమకారం చంపుకోలేక నేను పోగొట్టుకున్న ఆటలు, వేన్ చేతిలో పోయినవాటి కంటే ఎక్కువ.