రాత్రి డ్యూటీ మనిషికి ట్రైనింగ్ ఎవరిస్తారు?

నిరాశ్రయుల షెల్టర్లు, సపోర్టివ్ హౌసింగ్ నడిపే సంస్థల్లో సిబ్బందికి ఇచ్చే ట్రైనింగ్ గురించి చాలాకాలంగా నాలో నలుగుతున్న మాటలివి. పోస్టు పొడుగ్గానే ఉంటుంది. ఈ పని చేసేవాళ్లు, అంతకన్నా ముఖ్యంగా ఈ పనికి డబ్బులిచ్చేవాళ్లు ఓపిక చేసుకుని చదవాలని నా కోరిక.

సపోర్టివ్ హౌసింగ్ అంటే తెలియనివాళ్లకు ఒక ముక్క. ఏళ్ల తరబడి వీధిలో బతికి, దాంతోపాటు మానసిక జబ్బో, వ్యసనమో, ఎడతెగని అనారోగ్యమో ఉన్న మనిషికి తన పేరు మీదే అద్దె ఒప్పందంతో ఒక ఇల్లు ఇస్తారు. ఆ ఇల్లు నిలబెట్టుకోవడానికి కావలసిన సాయం కూడా దగ్గరుండి చేస్తారు. ఆ సాయం తీసుకోవాలా వద్దా అన్నది ఆ మనిషి ఇష్టం. వినడానికి తేలిగ్గానే ఉంటుంది. ఆ సాయం చేసే మనుషుల గురించే నా బాధంతా.

ట్రైనింగ్ మేనేజర్ల దాకానే వెళ్తోంది. తలుపు దగ్గర కూర్చునేవాళ్ల దాకా రావడం లేదు. మూడు రోజుల కాన్ఫరెన్సుకు వెళ్లేది డైరెక్టరు, ప్రోగ్రామ్ మేనేజరు. రాత్రంతా డెస్క్ దగ్గర ఒంటరిగా కూర్చునే ఉద్యోగికి, గేటు దగ్గర గార్డుకి, గదులు శుభ్రం చేసే మనిషికి వచ్చేది ఒక వీడియో లింకు, చూశామని సంతకం పెట్టాల్సిన ఒక కాగితం. కానీ వీధిలోంచి వచ్చిన మనిషికి మొదట కనిపించేది ఆ గార్డే. కేస్ వర్కర్లు (ఒక్కో మనిషి అవసరాలు దగ్గరుండి చూసే ఉద్యోగులు) ఇంటికెళ్లిపోయాక ఏ గొడవ జరిగినా, ఎవరికి ఒంట్లో బాగోలేకపోయినా పరిగెత్తాల్సింది ఆ డెస్క్ ఉద్యోగే. ఈ రంగంలో కొన్నేళ్లు పనిచేసినదాన్ని కాబట్టి చెప్తున్నా, కష్టమైనవన్నీ ఆఫీసు టైమ్ అయిపోయాకే జరుగుతాయి.

ఉదాహరణకి ఇది చూడండి. అర్ధరాత్రి దాటింది. ఒక గదిలోంచి గరగరమంటూ గురకలాంటి చప్పుడు వస్తోంది. తెలియని ఉద్యోగి అయితే గాఢనిద్రలో ఉన్నాడులే అనుకుని ముందుకెళ్లిపోతాడు. తెలిసినవాడు ఆగుతాడు, అది మత్తుమందు మోతాదు మించి ఊపిరి అందని చప్పుడు కావచ్చని అతనికి తెలుసు. తలుపు కొడతాడు, పేరు పెట్టి గట్టిగా పిలుస్తాడు, పలకకపోతే లోపలికెళ్లి ఛాతీ ఎముక మీద పిడికిలితో గట్టిగా రుద్దుతాడు. పెదాలు నీలంగా మారాయా, ఊపిరి ఎంతసేపటికి ఆడుతోంది అని చూస్తాడు. అంబులెన్సుకి ఫోన్ చేస్తాడు, ఓపియాయిడ్ మత్తుమందుల ప్రభావాన్ని తిప్పికొట్టే నాలోక్సోన్ అనే మందు స్ప్రే ముక్కులో కొడతాడు, నోటి ద్వారా శ్వాస ఇస్తాడు. రెండు మూడు నిమిషాల్లో కదలిక లేకపోతే రెండో డోసు ఇస్తాడు. లేచి కూర్చున్నాక కూడా వదిలిపెట్టడు. ఎందుకంటే నాలోక్సోన్ ప్రభావం 30 నుంచి 90 నిమిషాలే ఉంటుంది, ఒంట్లో ఉన్న మత్తుమందు అంతకన్నా ఎక్కువసేపు పనిచేస్తే ఊపిరి మళ్లీ ఆగిపోవచ్చు. ఇదంతా స్లైడ్లు చూస్తే రాదు. బొమ్మ మీద చేతులతో పదిసార్లు చేస్తే వస్తుంది. కిట్టు ఏ అలమరలో ఉందో, ఆ అలమర తాళం ఎవరి దగ్గర ఉందో తెలిస్తే వస్తుంది. కిట్లు కొని తాళం మేనేజర్ టేబుల్ సొరుగులో పెట్టుకున్న సంస్థలో నేను పనిచేశాను. అది తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ మనిషి బతికాక, లేదా బతకకపోయాక, ఆ ఉద్యోగి పరిస్థితి ఏంటి? సంఘటన ఫారం నింపు, రేపు రాత్రి మళ్లీ రా. అంతే. వారం తిరక్కుండా ఎవరో ఒకరు అతన్ని కూర్చోబెట్టుకుని ఏం జరిగింది, నిద్ర పడుతోందా అని అడగాలి కదా. నా దృష్టిలో అది కూడా ట్రైనింగే. ఆ మాటకొస్తే అన్నిటికన్నా ముఖ్యమైన ట్రైనింగ్ అదే.

ట్రైనింగ్ లేని లోటు కనిపించే రెండో చోటు, మనిషి కొత్తగా వచ్చిన రోజు నింపే ఫారం. వరసగా ప్రశ్నలు ఉంటాయి. చిన్నప్పుడు నిన్నెవరైనా హింసించారా? లైంగిక దాడి జరిగిందా? జైలుకెళ్లావా? ఏం వాడతావు, ఎంత వాడతావు? వెనకాల క్యూలో పది మంది నిలబడి ఉంటారు. గార్డు పక్కనే ఉంటాడు. అడిగే మనిషి కంప్యూటర్ తెర వైపు చూస్తూ టైప్ చేస్తుంటుంది. వీధిలో మూడు రాత్రులు నిద్రలేని మనిషి ఆ ప్రశ్నలకు నిజం చెప్తుందా? చెప్పదు. లేదు, లేదు, లేదు అంటుంది. ఆ 'లేదు'ల ఆధారంగానే ఆమెకు సాయం అంత అవసరం లేదని లెక్క తేలి, ఇంటి కోసం ఎదురుచూసేవాళ్ల జాబితాలో కిందికి పోతుంది. తప్పు ఫారానిది మాత్రమే కాదు. తలుపు మూసి అడగాలని, ఎందుకు అడుగుతున్నామో ముందు చెప్పాలని, ఇవాళ చెప్పలేకపోతే వచ్చే వారం మాట్లాడుకుందాం అనొచ్చని ఆ టైప్ చేసే అమ్మాయికి ఎవరూ నేర్పలేదు. గాయపడిన మనుషులతో పనిచేసే సంస్థ వాళ్లను మళ్లీ గాయపరచకూడదని అమెరికా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ సామ్సా 2014లోనే స్పష్టంగా రాసిపెట్టింది. భద్రత, నమ్మకం అనేవి ఆ పత్రంలోని సూత్రాల్లో మొదటివి. సూత్రాలు అందరికీ నోటికి వచ్చు. రిసెప్షన్ కుర్చీని మాత్రం ఎవరూ జరపరు.

ఇంకో విషయం చెప్పకపోతే నాకు ఊపిరాడదు. తలకు తగిలిన దెబ్బలు. ఇల్లు లేనివాళ్లలో సగానికి పైగా, సుమారు 53 శాతం మందికి, జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు మెదడుకు గాయమైందని అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ 2020లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ పత్రికలో వచ్చింది. ఇప్పుడు ఏ సంస్థకైనా వెళ్లి కేసు ఫైళ్లు తిరగేయండి. 'అపాయింట్‌మెంటుకు రాలేదు', 'చెప్పింది చేయడం లేదు', 'చీటికిమాటికి కోపం', 'సహకరించడం లేదు'. ఇవన్నీ మెదడు గాయానికి కూడా లక్షణాలే. మతిమరుపు, ఒక పని మొదలుపెట్టి పూర్తి చేయలేకపోవడం, కోపం ఆపుకోలేకపోవడం. ఆ మనిషి మొండికేశాడని మనం రాసుకుంటున్నాం, అతనికి అసలు గుర్తే ఉండటం లేదేమో. ఇది తెలిసిన కేస్ వర్కర్ మాట తీరే మారిపోతుంది. ఒకసారి ఒక్క విషయమే చెప్తుంది. పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి ఇస్తుంది. అపాయింట్‌మెంటు రోజు పొద్దున ఫోన్ చేస్తుంది, వీలైతే తనే వెంట వెళ్తుంది. దీనికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఏమీ అక్కర్లేదు, తెలియడమే కావాలి. అయినా నేను కూర్చున్న ఏ ట్రైనింగ్‌లోనూ మెదడు గాయం గురించి ఎవరూ ఒక్క గంట కూడా మాట్లాడలేదు.

ఇక హౌసింగ్ ఫస్ట్. ఈ మాట ఇప్పుడు ప్రతి సంస్థ గోడ మీదా ఉంటుంది. 1992లో న్యూయార్క్‌లో శామ్ త్సెంబెరిస్ అనే సైకాలజిస్టు పాత్‌వేస్ టు హౌసింగ్ అనే సంస్థ పెట్టి మొదలుపెట్టిన పద్ధతి ఇది. ముందు మందు మానెయ్, మాత్రలు వేసుకో, అప్పుడు ఇల్లిస్తాం అనే పాత వరసను ఆయన తిరగేశాడు. ముందు ఇల్లు, ఆ తర్వాతే మిగతావన్నీ. కెనడా ప్రభుత్వం 2009 నుంచి 2013 దాకా వాంకూవర్, విన్నిపెగ్, టొరంటో, మాంట్రియల్, మాంక్టన్ నగరాల్లో సుమారు 2,000 మందితో దీన్ని పరీక్షించింది. చివరి ఆరు నెలలు చూస్తే, హౌసింగ్ ఫస్ట్ అందినవాళ్లలో 62 శాతం మంది పూర్తిగా ఇంట్లోనే ఉన్నారు. మామూలు సేవలు అందినవాళ్లలో అలా ఉన్నది 31 శాతం.

ఈ అంకెలు అందరూ చెప్తారు. వాటి వెనక ఉన్నది మాత్రం చెప్పరు. ఆ ఐదు నగరాల్లోని టీమ్‌లనూ అలా గాలికి వదిలేయలేదు. ట్రైనింగ్ ఇచ్చారు, తర్వాత కూడా వెంటపడి సలహాలిచ్చారు, బయటి నుంచి మనుషులు వచ్చి పద్ధతిని ఎంతవరకు పాటిస్తున్నారో 38 అంశాల మీద కొలిచారు. పద్ధతిని బాగా పాటించిన చోట మనుషులు ఇళ్లలో నిలబడటం, వాళ్ల బతుకు బాగుపడటం ఎక్కువగా కనిపించింది. పేరు మాత్రం అరువు తెచ్చుకుని, తాళం చెవి చేతిలో పెట్టి, నెలకోసారి తలుపు కొట్టి హౌసింగ్ ఫస్ట్ చేస్తున్నాం అంటే కుదరదు. అది ఓడిపోయినప్పుడు పద్ధతే పనికిరాదని తీర్పు చెప్పేవాళ్లు ఆ సిబ్బందికి ఏం నేర్పారో ఒక్కసారైనా అడిగారా?

ఇల్లు వచ్చిన కొత్తలో ఏం జరుగుతుందో చూడండి. చాలామంది మంచం వదిలేసి తలుపు దగ్గర నేల మీద పడుకుంటారు, సంచి సర్దిపెట్టుకునే ఉంటారు. బయట చలిలో ఉన్న పాత స్నేహితులు వస్తారు, కాదనలేరు. ఒకరు ఇద్దరవుతారు, ఇద్దరు నలుగురవుతారు, పక్కింటివాళ్లు ఫిర్యాదు చేస్తారు, ఖాళీ చేయమని నోటీసు వస్తుంది. ట్రైనింగ్ లేని ఉద్యోగికి ఇందులో రూల్ తప్పిన మనిషి కనిపిస్తాడు. ట్రైనింగ్ ఉన్న ఉద్యోగి నోటీసు దాకా రాకముందే అతనితో కూర్చుంటుంది. వీధిలో నిన్ను కాపాడినవాళ్లకు 'ఇవాళ వద్దు' అని ఎలా చెప్పాలో ఇద్దరూ కలిసి ప్రాక్టీస్ చేస్తారు. కావాలంటే నా పేరు చెప్పు, మా ఆఫీసువాళ్లు ఒప్పుకోవడం లేదని చెప్పు అంటుంది. ఇంటి యజమానికి తనే ఫోన్ చేస్తుంది.

ఈ కొత్త నెలలు ఎంత కీలకమో ఎప్పుడో తేలింది. న్యూయార్క్‌లోని ఫోర్ట్ వాషింగ్టన్ షెల్టర్ నుంచి ఇళ్లకు వెళ్తున్న, తీవ్రమైన మానసిక జబ్బు ఉన్న 96 మంది మగవాళ్లతో చేసిన అధ్యయనం 1997లో వచ్చింది. సగం మందికి తొమ్మిది నెలల పాటు దగ్గరుండి సాయం చేశారు. క్రిటికల్ టైమ్ ఇంటర్వెన్షన్ అంటారు దీన్ని. మొదట ఎక్కువగా, క్రమంగా తగ్గిస్తూ, చివరికి అతని చుట్టూ ఉన్న మనుషులకు బాధ్యత అప్పగిస్తూ చేసే సాయం అది. 18 నెలల లెక్క తీస్తే వాళ్లు సగటున 30 రాత్రులు వీధిలోనో షెల్టర్లోనో గడిపారు. మిగతావాళ్లు 91 రాత్రులు. ఈ పద్ధతిలో టీమ్ అంతా వారానికోసారి కూర్చుని ఒక్కో మనిషి గురించి మాట్లాడుకోవడం తప్పనిసరి. పని ఎక్కువగా ఉందని ఆ మీటింగ్ ఎగ్గొట్టడానికి వీల్లేదు.

ఇక్కడే వనరుల సంగతి వస్తుంది. వనరులు అంటే మన సంస్థలకు గుర్తొచ్చేది వెబ్‌సైట్లో పెట్టిన రెండు వందల పీడీఎఫ్‌లు. అవి మంచివే, వాటిలో కొన్ని చాలా బాగుంటాయి. కానీ చదవడానికి టైమ్ ఏది? తీవ్రమైన మానసిక జబ్బు ఉన్నవాళ్లకు ఇంటెన్సివ్‌గా సేవలందించే ఏసీటీ టీమ్‌ల్లో ఒక ఉద్యోగికి పది మందే అని లెక్క. అలాంటి మనుషులనే నలభై మందిని ఒక్క కేస్ వర్కర్ నెత్తిన పెట్టి, మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ (మారడానికి కారణాలు ఆ మనిషే వెతుక్కునేలా మాట్లాడే పద్ధతి) వర్క్‌షాప్‌కి పంపిస్తే ఏం లాభం? నేర్చుకున్నది వాడాలంటే ఒక్కో మనిషితో అరగంట నిదానంగా కూర్చోగలగాలి. కాబట్టి నా లెక్కలో వనరులు అంటే తక్కువ కేసులు. రాత్రి రెండింటికి ఫోన్ చేస్తే ఎత్తే సూపర్‌వైజరు. అడ్వాన్సు కట్టడానికో, పోయిన గుర్తింపు కార్డు మళ్లీ తీయడానికో, పరుపు కొనడానికో మూడు సంతకాలు అడగకుండా ఖర్చుపెట్టగలిగే కొంత డబ్బు. ఇవి లేకుండా ఇచ్చే ట్రైనింగ్ ఉద్యోగిలో అపరాధ భావం పెంచడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. ఏం చేయాలో తెలిసీ చేయలేకపోవడం తెలియకపోవడం కన్నా పెద్ద నరకం.

'ట్రైనింగ్ ఇచ్చాక మానేసి పోతారు, డబ్బు దండగ' అని చాలాసార్లు విన్నాను. మానేస్తారు, నిజమే. జీతం చాలక మానేస్తారు, ఒంటరిగా వదిలేస్తే మానేస్తారు. ఈ ఉద్యోగుల్లో అద్దె కట్టలేక ఇబ్బంది పడేవాళ్లు ఉన్నారు, ఒకప్పుడు వీధిలో పడుకుని వచ్చినవాళ్లూ ఉన్నారు. కేస్ వర్కర్ మారిన ప్రతిసారీ ఆ ఇంట్లో ఉన్న మనిషి తన కథంతా మొదటి నుంచి కొత్త మనిషికి చెప్పుకోవాలి. నాలుగోసారి ఎవరైనా చెప్తారా? తలుపు తీయడమే మానేస్తారు.

వీధిలో బతికి బయటపడినవాళ్లను ట్రైనింగ్ ఇవ్వడానికి పిలవడం ఇప్పుడిప్పుడే పెరుగుతోంది, మంచిదే. కానీ చివర్లో పావుగంట అనుభవం చెప్పించి, చప్పట్లు కొట్టి పంపేస్తున్నారు. పక్కన కూర్చున్న నిపుణుడికి ఫీజు, వీళ్లకు శాలువా. అలా వద్దు. సిలబస్ తయారు చేసేటప్పుడే పిలవండి. ఫారంలో ఏ ప్రశ్న గుచ్చుకుంటుందో, గార్డు ఎక్కడ నిలబడితే భయమేస్తుందో వాళ్లు చెప్పినంత బాగా ఎవరూ చెప్పలేరు. నిపుణుడికి ఎంత ఇస్తారో అంతే ఇవ్వండి.

డబ్బులిచ్చేవాళ్లకు ఒక విన్నపం. ఈసారి సంస్థలు పంపే దరఖాస్తులో 'ఎంతమందికి ట్రైనింగ్ ఇచ్చారు' అనే గడి ఒక్కటే పెట్టి వదిలేయకండి. అందులో రాత్రి షిఫ్టువాళ్లు ఎంతమంది, గార్డులు ఎంతమంది, ఆ గంటలకు జీతం కట్టారా, వాళ్ల బదులు డ్యూటీ ఎవరు చేశారు, ఆరు నెలల తర్వాత మళ్లీ ఎవరైనా వాళ్లతో కూర్చున్నారా అని అడగండి. బదులు డ్యూటీ చేసేవాళ్ల ఖర్చు కూడా బడ్జెట్‌లో రాసుకోనివ్వండి. ఆ ఒక్క ఖర్చుకు డబ్బు లేకే మా రాత్రి ఉద్యోగులు ప్రతిసారీ ఆగిపోయేవాళ్లు. ట్రైనింగ్‌ని కూడా రాత్రి డ్యూటీవాళ్లకు వీలైన వేళలోనే పెట్టండి. పది గంటల షిఫ్టు దిగిన మనిషిని ఇంటికి పంపకుండా ఇంకో నాలుగు గంటలు కుర్చీలో కూర్చోబెడితే, ప్రాణం మీదకొచ్చినప్పుడు గుర్తుండాల్సిన విషయం బుర్రకెక్కుతుందా?