గా పిల్లకేమైంది, మంచిగనే ఉన్నది కదా!

పెళ్ళి నుంచి ఇప్పుడే ఇంటికొచ్చాను. బట్టలు కూడా మార్చుకోలేదు. ఇది రాస్తే గానీ నిద్ర పట్టేలా లేదు.

బంతిలో నా పక్కన మా చిన్నాయన. ఇటు పక్కన మేనకోడలు తినడం మానేసి ఫోన్లో, వైకల్యం ఉన్నవాళ్ళ పోటీల్లో ఉరికే జీవంజి దీప్తి పరుగు చూస్తోంది. 2024 మే నెలలో జపాన్‌లోని కోబెలో 400 మీటర్లు 55.07 సెకన్లలో ఉరికి ప్రపంచ రికార్డు కొట్టిందే, అది. పిల్ల మురిసిపోతూ ఫోను చిన్నాయనకు చూపించింది. ఆయన బొక్క చీకుతూ ఓ చూపు చూసి, "గా పిల్లకేమైంది, మంచిగనే ఉన్నది కదా! కాళ్ళున్నయి, చేతులున్నయి. పైసలిచ్చి సర్టిఫికెట్ తెచ్చుకున్నదేమో" అన్నాడు.

నా ముందరే. ఎడమ కాలికి పోలియో ఉన్నవాడి ముందర. పైగా వడ్డించే పిల్లవాణ్ణి పిలిచి, "పాపం మావోనికి జర ఎక్కువెయ్యి" అని నన్ను చూపించాడు. పోలియో వచ్చింది కాలికి చిన్నాయనా, కడుపుకు కాదు. ఆ ఎక్కువేసింది కూడా పప్పు. మటన్ బకెట్ నా దాకా రానేలేదు.

ఆమెది టీ20 విభాగం అని చెప్పాను. "ఆమె క్రికెట్ గూడ ఆడుతదా?" అన్నాడు. నవ్వకండి. మీ ఇళ్ళల్లో ఎంతమందికి తెలుసో అడిగి చూడండి. మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్ళ విభాగం అది. కాళ్ళలో వెతికితే ఎక్కడ కనిపిస్తుంది? 400 మీటర్లు గుడ్డిగా ఉరికితే అయ్యేది కాదు (చూశారా, నా నోట్లోంచి కూడా అదే మాట ఊడిపడింది). మొదట్లో ఎంత దాచుకోవాలి, చివరి మలుపు తిరిగాక ఎంత వదలాలి అని బుర్రలో ఒక లెక్క నడుస్తూనే ఉండాలి. ఆ లెక్కను ఆమె కాళ్ళకు నేర్పుకుంది.

ఎక్కడో పిల్ల కూడా కాదు. మన వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ. కూలి చేసుకునే అమ్మానాన్న. ఊళ్ళోవాళ్ళు "పిచ్చిది", "కోతి" అని ఏడిపించారని, అనాథాశ్రమంలో వేసేయమన్నారని వాళ్ళమ్మే పేపర్లవాళ్ళకు చెప్పుకుంది. పతకం తెచ్చేదాకా పిచ్చిది, తెచ్చాక "మంచిగనే ఉన్నది". ఏదో ఒకటి మీరే తేల్చి చెప్పండి, పాపం ఆమె కూడా తెలుసుకుంటుంది.

దొంగలు లేరని నేననను. 2000 సిడ్నీ పారాలింపిక్స్‌లో స్పెయిన్ బాస్కెట్‌బాల్ జట్టు ఈ విభాగంలోనే స్వర్ణం గెలిచింది. తీరా చూస్తే 12 మందిలో 10 మందికి ఏ వైకల్యమూ లేదు. మరి శిక్ష ఎవరికి పడింది? నిజంగా వైకల్యం ఉన్నవాళ్ళకు! విభాగం మొత్తాన్నీ తీసేశారు. ఏథెన్స్ పోయింది, బీజింగ్ పోయింది. 2012 లండన్‌లో గానీ మళ్ళీ గేటు తియ్యలేదు, అదీ కొన్ని ఆటలకే. ఆ పన్నెండేళ్ళలో ఎవరి కాళ్ళు ముదిరిపోయాయో అడిగినవాడు లేడు.

ఇంతకీ చిన్నాయన బాధ వైకల్యం కాదు. పెరుగన్నంలోకి వచ్చాక బయటపడింది. "కోటి రూపాయలు, గ్రూప్-2 కొలువు, వరంగల్‌ల 500 గజాల జాగ..." గజాలు అన్నప్పుడు గొంతు చూడాలి! 2024 పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చినందుకు రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన బహుమతులు అవి. ఆమె 55.82, స్వర్ణం గెలిచిన ఉక్రెయిన్ అమ్మాయి 55.16. ఆ తేడా ఎంత చిన్నదో ఆయనకు అక్కర్లేదు, గజం ధర మాత్రం నోటికొచ్చు. ఊళ్ళో పొలం మూడుసార్లు బేరం పెట్టి అమ్మలేకపోయినవాడికి కడుపు మండదా మరి.

2024 ఒలింపిక్స్‌లో మనకు ఆరు పతకాలు, ఒక్క స్వర్ణం లేదు. అదే ఊళ్ళో నెల తిరక్కుండా పారాలింపిక్స్‌లో 29, అందులో 7 స్వర్ణాలు. ఏ ఆటల కోసం రాత్రుళ్ళు మేలుకున్నారో మీకే తెలుసు. అనకాపల్లి వైపు నుంచి వెళ్ళిన రొంగలి రవి షాట్‌పుట్‌లో ఐదో స్థానంలో వచ్చాడు. సైన్యంలో ఉండగా మందుపాతర పేలి కాలు పోయిన కొంగనపల్లె నారాయణ పడవ పోటీల్లో దిగాడు. పతకం రాలేదు కాబట్టి పేర్లు కూడా రాలేదు. పేరంటే గుర్తొచ్చింది, మాకు కొత్త పేరైతే పెట్టారు, "దివ్యాంగులు" అని. ఇవాళ్టి ఫంక్షన్ హాల్లో ర్యాంపు కూడా ఉంది. దాని మీద జనరేటర్ పెట్టారు. మేము దివ్యులం కదా, ఎగిరి వెళ్తామనుకున్నారేమో.

నాకు మాత్రం మా డ్రిల్లు సారు గుర్తొచ్చాడు. ఆరో తరగతి నుంచి పది దాకా ఆయన నాతో మాట్లాడింది ఒక్కటే మాట: "నువ్వు చెప్పుల కాడ కూచో." అందరూ ఖోఖో ఆడుతుంటే నేను వేపచెట్టు కింద చెప్పులకు కాపలా. ఐదేళ్ళు! ఎవడి చెప్పు ఎక్కడ అరిగిందో, ఎవడి పట్టీకి పిన్నీసు ఉందో ఇప్పటికీ చెప్పగలను. దీనికి పతకాలిచ్చి ఉంటే మా చిన్నాయన కొడుకుల కంటే నాకే ఎక్కువ ఉండేవి. దీప్తిని ఒక సారు స్కూలు పోటీల్లో చూసి హైదరాబాద్ తీసుకెళ్ళాడు. మా సారు కూడా చూశాడు, చెప్పుల వైపు చూపించాడు.

తిరిగి వచ్చేటప్పుడు మండపం దగ్గర చిన్నాయన ఒంగి తన చెప్పులు వెతుక్కుంటున్నాడు. "నావి యాడన్న చూసినవారా?" అన్నాడు.

చూశాను. ఎవరో జనరేటర్ వెనక్కి తన్నేశారు.

చెప్పలేదు.