సాకు వెతుక్కునే మనసు

జైలుకు వెళ్లొచ్చినవాడు మళ్లీ అదే నేరం చేస్తే 'వాడి పుట్టుకే అంత' అనేస్తాం. ఆ మాటతో ఆలోచన అక్కడే ఆగిపోతుంది.

అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పెరిగిన, 1945లో పుట్టిన దాదాపు 10 వేల మంది మగపిల్లల పోలీసు రికార్డులను నేరశాస్త్రవేత్త మార్విన్ వుల్ఫ్‌గాంగ్ బృందం తిరగేసింది. 1972లో వెలువడిన ఆ అధ్యయనం ప్రకారం వారిలో 6 శాతం మందే సగానికి పైగా నేరాలు చేశారు. ఆ కొద్దిమందికి శిక్షలు పెంచితే చాలదా? చాలదు. చేతికందే డబ్బు ఇప్పుడు కళ్లెదుట ఉంటుంది. శిక్ష మాత్రం ఎప్పుడో, అదీ పట్టుబడి రుజువైతేనే. అందుకే ఏళ్ల తరబడి జైలు అన్న బెదిరింపు కన్నా తప్పక దొరికిపోతానన్న భయమే మనిషిని ఎక్కువగా ఆపుతుంది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది నేరం చేసినవాళ్లు చెప్పుకునే సాకులు. 'బండికి బీమా ఉందిగా, వాళ్లకేం నష్టం?' 'ముందు రెచ్చగొట్టింది వాడే.' 'పోలీసులు మాత్రం తినడం లేదా?' ఇలాంటి సమర్థింపులను అమెరికా సామాజిక శాస్త్రవేత్తలు గ్రెషమ్ సైక్స్, డేవిడ్ మాట్జా 1957లోనే ఐదు రకాలుగా విడదీశారు. మనస్సాక్షి పూర్తిగా చచ్చిపోయినవాడికి సాకుతో పనేమిటి? సాకు వెతుక్కుంటున్నాడంటే లోపల ఎవరో నిలదీస్తున్నట్టే. ఆ నిలదీత వినిపించని మనుషులూ ఉన్నారు, కాదనను. కానీ పదే పదే జైలుకు వచ్చేవాళ్లందరినీ ఆ గాటన కట్టలేం.

ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో నేరశాస్త్రవేత్త షాడ్ మరూనా నేరాలు మానేసినవారితోనూ, మాననివారితోనూ మాట్లాడారు. మాననివారు తమ బతుకు ఎప్పుడో రాసిపెట్టి ఉందని, తమ చేతుల్లో ఏమీ లేదని నమ్ముతున్నారు. మానేసినవారి గతం కూడా ఏమంత మెరుగైనది కాదు. అయితే 'ఆ పనులు చేసింది నేనే, కానీ అసలు నేను అది కాదు' అనే కథ వాళ్లకు దొరికింది.

ఆ కథను విడుదలైన రోజే ఎన్ని దెబ్బలు తాకుతాయో చూడండి. చేతిలో ఒక సంచి, ఒంటి మీద అరెస్టయిన నాటి చొక్కా. ఉద్యోగ దరఖాస్తులో 'గతంలో శిక్ష పడిందా?' అన్న గడి. ఫోనులో మిగిలినవి పాత స్నేహితుల నెంబర్లే. మళ్లీ నేరంలోకి జారే ప్రమాదం ఎక్కువగా ఉండేది ఈ తొలి నెలల్లోనే. పని, బస, పలకరించే ఒక మనిషి... ఈ మూడూ గేటు తెరవకముందే కుదిరి ఉండాలి. విడుదల తేదీ జైలు అధికారులకు ముందే తెలుసు కదా!