నిద్రపోయిన డ్రైవర్‌దే తప్పట!

ఈ వారంలో ఇది నాలుగోసారి. మొదట కాలేజీ బ్యాచ్ గ్రూపులో వచ్చింది, తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపులో, మొన్న మా తోడల్లుడు పంపాడు, నిన్న రాత్రి పదకొండున్నరకి మా మామయ్య. అదే మెసేజ్, అవే దండం పెట్టే చేతుల బొమ్మలు. పైన “ప్రతి తెలుగువాడూ చూడాల్సిన హాలీవుడ్ లారీ సినిమా, మీకు తెలియని 7 నిజాలు” అని, కింద “కనీసం పది మందికి పంపండి” అని. సినిమా పేరు ‘దే డ్రైవ్ బై నైట్’. 1940లో వార్నర్ బ్రదర్స్ తీసింది, దర్శకుడు రావుల్ వాల్ష్. నాకు బాగా ఇష్టమైన సినిమా కాబట్టి ఊరుకోలేకపోతున్నాను.

చూడనివాళ్ల కోసం కథ నాలుగు ముక్కల్లో చెప్తాను. చివరిదాకా చెప్పేస్తున్నా, తర్వాత తిట్టుకోవద్దు. జో, పాల్ అన్నదమ్ములు. కాలిఫోర్నియాలో ఫైనాన్స్ మీద తీసుకున్న లారీతో రాత్రనకా పగలనకా పండ్లు తోలుతుంటారు. ఒకరోజు పాల్ స్టీరింగ్ మీదే నిద్రపోతాడు. లారీ నుజ్జవుతుంది, అతని కుడిచెయ్యి పోతుంది. జో వెళ్లి ఎడ్ కార్ల్‌సన్ అనే ట్రాన్స్‌పోర్టు యజమాని దగ్గర చేరతాడు. యజమాని భార్య లానాకి జో మీద కన్ను. ఒక రాత్రి మొగుడు తాగి కార్లోనే పడి నిద్రపోతే, ఇంజన్ ఆపకుండా గ్యారేజీ తలుపులు వాటంతటవే మూతపడేలా చేసి చంపేస్తుంది. జో ఆమెను కాదంటాడు. అంతే, నా చేత ఈ పని చేయించింది అతనే అని కేసు పెడుతుంది. కోర్టు బోనులో మతి చెదిరి తనే బయటపడిపోతుంది. జో విడుదల.

ఇక ఆ ‘నిజాలు’.

ఒకటి: “ఇది హంఫ్రీ బోగార్ట్ సినిమా.” కాదండీ. టైటిల్స్‌లో జార్జ్ రాఫ్ట్, ఆన్ షెరిడన్, ఐడా లుపినో, ఆ తర్వాత నాలుగో పేరు బోగార్ట్‌ది. చెయ్యి పోగొట్టుకునే పాల్ వేషం అతనిది, హీరో రాఫ్ట్. బోగార్ట్ దశ తిరిగింది మరుసటి ఏడాది ‘హై సియెర్రా’, ‘ద మాల్టీస్ ఫాల్కన్’తో. ఆ రెండు వేషాలూ రాఫ్ట్ వద్దని వదిలేసినవే. పాపం, ఆ సినిమాలు ఎలాగూ చేజారాయి, ఈ మెసేజ్ పుణ్యమా అని ఇది కూడా పోయింది.

రెండు: “ఇది 1938లో అదే పేరుతో వచ్చిన బ్రిటిష్ సినిమాకి కాపీ.” పేరు ఒకటే, అంతవరకే. అందులో జైలు నుంచి అప్పుడే బయటికొచ్చిన వాడి మీద హత్యానేరం పడుతుంది, వాడు పారిపోతుంటాడు. దీనికీ దానికీ చుట్టరికం లేదు. పేరు కలిసిందనే అమెరికా సినిమాని బ్రిటన్‌లో ‘ద రోడ్ టు ఫ్రిస్కో’ అని విడుదల చేశారు. మన ఊళ్లో ఇద్దరు సుబ్బారావులుంటే ఒకడు ఇంకొకడికి కాపీయా?

మూడు: “ప్రపంచంలో మొట్టమొదటి నువార్ సినిమా.” నువార్ అంటే నేరం, మోసం, చీకటి నీడలు నిండిన సినిమా. ఆ మాటని ఫ్రెంచి విమర్శకులు హాలీవుడ్ సినిమాలకి తగిలించిందే 1946లో. మొదటిది ఏదని వాళ్లే ఇంకా కొట్టుకుంటున్నారు, మధ్యలో మనమెందుకు?

నాలుగు: “1940 నాటికి ఆటోమేటిక్ తలుపులు లేవు, ఆ గ్యారేజీ తలుపులు దర్శకుడి ఊహ.” 1931లోనే కనెక్టికట్‌లోని వెస్ట్ హేవెన్‌లో ఒక రెస్టారెంటుకి కాంతి కిరణానికి అడ్డు రాగానే తెరుచుకునే తలుపులు బిగించారు, రెండు చేతుల్లో ట్రేలు పట్టుకొచ్చే సర్వర్ల కోసం. సినిమా వచ్చేనాటికి అది డబ్బున్నవాళ్ల ఇంటి సోకు. కార్ల్‌సన్‌కి డబ్బుందని చూపించడానికే పెట్టారు.

ఐదో దగ్గర నాకు కాస్త కోపం వచ్చింది. “ఒక్క ఆడది ఇద్దరు కష్టజీవుల బతుకుని బుగ్గిపాలు చేసింది. పైగా ఐడా లుపినో ఓవరాక్షన్ భరించలేం.”

లెక్క చూద్దాం. సినిమాలో జరిగే ఘోరాలు మూడు. వీళ్లకి తెలిసిన మెక్‌నమారా అనే డ్రైవర్ స్టీరింగ్ మీద నిద్రపోయి లోయలో పడి చస్తాడు. తర్వాత పాల్ చెయ్యి పోతుంది. ఆ తర్వాత గ్యారేజీ హత్య. మొదటి రెండింటిలో లానా, అంటే లుపినో, వేలు కూడా పెట్టలేదు. ఇద్దరు కష్టజీవుల లారీ, చెయ్యి పోయాకే ఆమె అసలు కథ మొదలవుతుంది. బుగ్గి అప్పటికే అయిపోయింది సార్. ఆమె చంపింది మొగుణ్ణి. అది మహా నేరమే, ఎవరూ కాదనరు, కానీ ఈ పద్దులోది కాదు.

సినిమాలో ఇంకో ఆడమనిషి కూడా ఉంది. లారీలు ఆగే హోటల్లో పనిచేసే కాసీ, అంటే ఆన్ షెరిడన్. డ్రైవర్లు ఆమె ఒంటిని లారీ ఛాసీతో పోల్చి, కావాలంటే ఫైనాన్స్ చేస్తాం అని వెకిలిగా నవ్వుతుంటే, నీకు హెడ్‌లైట్ల ఖర్చు కూడా గిట్టదులే అన్నట్టు ఒకే మాటతో కూర్చోబెడుతుంది. మెసేజ్‌లో ఆమె ఊసే లేదు. ఉంటే నీతి పాడవుతుందిగా!

లుపినో అప్పటికి 22 ఏళ్ల పిల్ల. కోర్టు సీను కొంచెం ఎక్కువైంది, ఒప్పుకుంటాను. కానీ ఆ గ్యారేజీ దగ్గర, మొగుడు కార్లో గురక పెడుతుంటే ఆమె అడుగు ఆగే క్షణం చూడండి. చేతులు కదలవు, గొంతు లేవదు. ముందు ఆలోచన వస్తుంది, తర్వాత నిర్ణయం, రెండూ మొహం మీదే కనిపిస్తాయి. ఈ వేషం చూసే వార్నర్ వాళ్లు ఆమెతో కాంట్రాక్టు రాయించుకున్నారు. తర్వాత ఆమె దర్శకురాలైంది. 1953లో ‘ద హిచ్-హైకర్’ తీసింది. రోడ్డు, కారు, ముగ్గురు మగవాళ్లు, ఒకడి చేతిలో తుపాకీ. అందులో మగాళ్ల బతుకు పాడుచేసేది మగాడే. దాని మీద కూడా ఒక మెసేజ్ రాయండి, చదువుతాను.

ఏడోదాన్ని ముందు చూద్దాం, ఆరోదానికి చోటు ఎక్కువ కావాలి.

ఏడు: “సగం నుంచి వేరే సినిమా అతికించినట్టుంటుంది.” ఇది మాత్రం అక్షరాలా నిజం, రాసినాయన అనుకున్నదానికంటే ఎక్కువ నిజం! లారీల భాగం ఎ. ఐ. బెజ్జెరిడిస్ రాసిన ‘లాంగ్ హాల్’ నవల నుంచి వచ్చింది. ఆయన కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో, పండ్లతోటల మధ్య పెరిగిన మనిషి. గ్యారేజీ హత్య, కోర్టులో మతిపోవడం మాత్రం అదే వార్నర్ కంపెనీ 1935లో తీసిన ‘బోర్డర్‌టౌన్’ నుంచి ఎత్తుకొచ్చింది. అందులో ఆ వేషం బెట్టి డేవిస్‌ది. ఇంట్లో మిగిలిన పులుసుని కొత్త కూరలో పోసినట్టు సొంత సరుకునే మళ్లీ వాడుకున్నారు. అతుకు కనిపిస్తుంది, నిజమే. దీనికి పూర్తి మార్కులు వేస్తున్నాను.

ఇప్పుడు ఆరు. దీన్ని మెసేజ్‌లో బోల్డ్ అక్షరాల్లో పెట్టారు. “పాల్‌కి చెయ్యి పోవడం అతని నిర్లక్ష్యమే. క్రమశిక్షణ ఉన్న డ్రైవర్ నిద్రపోడు. మన లారీ డ్రైవర్లంతా నేర్చుకోవాల్సిన నీతి ఇదే.”

ఈ వాక్యాన్ని ఏసీ గదిలో, మధ్యాహ్నం కునుకు తీసి లేచాక టైప్ చేశారని నా గట్టి నమ్మకం.

ఆ అన్నదమ్ములు ఎందుకు మేలుకుని తోలుతున్నారో సినిమా మొదటి అరగంటలోనే చూపిస్తుంది. కిరాయి ఇవ్వాల్సినవాడు ఎగ్గొడతాడు. వాయిదా కట్టలేదని ఫైనాన్స్ మనిషి లారీ పట్టుకుపోవడానికి వెంటపడతాడు. సరుకు చూస్తే పండ్లు, తెల్లారేసరికి మార్కెట్‌కి చేరకపోతే రేటు పడిపోతుంది. ఇంట్లో పాల్ భార్య పెర్ల్, ఈ రోడ్డు బతుకు మానేసి ఇంటిపట్టున ఉండమని పోరుతుంటుంది. మెక్‌నమారా లారీ లోయలో పడటం వీళ్లు కళ్లారా చూస్తారు. చూసి ఏం చేస్తారు? మళ్లీ లారీ ఎక్కుతారు. వాయిదా తేదీ మారలేదు కదా.

తమాషా ఏమిటంటే, అప్పు తీరిపోయి లారీ సొంతమైందన్న సంతోషం చల్లారకముందే పాల్ నిద్రపోతాడు. అన్నాళ్లూ భయమే అతన్ని మేలుకొలిపి ఉంచింది. భయం తీరింది, ఒళ్లు తన బాకీ వసూలు చేసుకుంది.

క్రమశిక్షణ అంటున్నారు. గంటకి 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి సెకనుకి 22 మీటర్లు పోతుంది. నాలుగు సెకన్లు కన్ను మూతపడితే దాదాపు 90 మీటర్లు బండికి యజమాని లేనట్టే. పదిహేడు, పద్దెనిమిది గంటలు వరసగా మేలుకున్న మనిషి చురుకుదనం మందు కొట్టినవాడి స్థాయికి పడిపోతుందని పరీక్షలు పెట్టి మరీ తేల్చారు. దీన్ని క్రమశిక్షణతో ఆపడం ఆకలిని క్రమశిక్షణతో ఆపడం లాంటిదే. కొంతసేపు ఆగుతుంది, తర్వాత ఆగదు.

ఈ సంగతి 1930లలోనే అమెరికా ప్రభుత్వానికి తెలుసు. 1935లో మోటార్ క్యారియర్ చట్టం తెచ్చారు. దాని కింద 1938 కల్లా రాష్ట్రాలు దాటి తోలే డ్రైవర్లకి రోజుకి 10 గంటలు, వారానికి 60 గంటలు అని పరిమితి పెట్టారు. మనకీ 1961లో మోటారు రవాణా కార్మికుల చట్టం వచ్చింది. అందులో రోజుకి 8 గంటలు, వారానికి 48 అని రాశారు. సొంత బండి, ఫైనాన్స్ బండి తోలేవాణ్ణి ఎవరినైనా ఆపి చెప్పండి ఈ ఎనిమిది గంటల సంగతి. నవ్వి మీకే టీ ఇప్పిస్తాడు.

మా మామయ్య ఇరవై రెండేళ్లు లారీ తోలాడు. ఎనిమిదో తరగతి వేసవి సెలవుల్లో నన్ను ఒక ట్రిప్పు తీసుకెళ్లాడు. నూజివీడు మామిడికాయ లోడు, ఢిల్లీ మార్కెట్‌కి. క్యాబిన్‌లో ఇంజన్ మీది బానెట్ పెనంలా కాలుతుండేది, దాని మీద రెండు గోనెసంచులు మడిచి పరిచి నన్ను కూర్చోబెట్టాడు. వెనక నుంచి గడ్డి వాసన, పండుతున్న కాయల వాసన. మెడ చుట్టూ తడి తువ్వాలు. అది ఆరిపోగానే క్లీనర్ మళ్లీ క్యాన్‌లో ముంచి ఇచ్చేవాడు. రెండో రాత్రి మూడు గంటలప్పుడు మామయ్య ఉన్నట్టుండి తొడ మీద చెళ్లున కొట్టుకుని, “ఒరే అల్లుడూ, ఏదో ఒకటి మాట్లాడరా” అన్నాడు. ఏం మాట్లాడాలో తెలియక పదిహేడో ఎక్కం మొదలుపెట్టాను. తప్పు చదివితే ఆయన సరిదిద్దాడు. ఎక్కాలయ్యాక మా క్లాసు హాజరుపట్టీ. క్లీనర్ అంతకుముందు రాత్రంతా అదే పని చేసి పడుకున్నాడు. నన్ను వెంట తీసుకెళ్లింది ఢిల్లీ చూపించడానికి అనుకున్నాను ఇన్నాళ్లూ.

పక్కకి ఆపి రెండు గంటలు పడుకోవచ్చుగా అని అడిగాను కూడా. “కాయ పడుకోదురా” అన్నాడు.

ఆ మనిషికి క్రమశిక్షణ లేదా? చెప్పండి.

ఇక్కడ నాకు ఇష్టం లేని మాట ఒకటి ఒప్పుకోవాలి. ఈ మెసేజ్ రాసినాయనకి ఆ నీతి గాల్లోంచి రాలేదు. సినిమాయే సగం అందించింది. చెయ్యి పోయాక పాల్ కథ పక్కకి జరిగిపోతుంది. ఫైనాన్స్ వాడు ఏమయ్యాడు, కిరాయి ఎగ్గొట్టినవాణ్ణి ఎవరైనా అడిగారా, ఆ రోడ్డు మీద మిగతా వాళ్ల నిద్ర సంగతేమిటి, ఒక్కటీ తిరిగి రాదు. దానికి బదులు ఒక దుర్మార్గురాలు, ఒక కోర్టు, చివరికి అదే ట్రాన్స్‌పోర్టు కంపెనీకి పెద్దగా మిగిలే మంచి జో. పైకొచ్చినవాడు పైకొచ్చాడు, పడినవాడు పడ్డాడు. ఇలా ముగిస్తే చూసినవాళ్లు పడినవాడిదే తప్పనుకోరా? ఇన్నేళ్లుగా ఈ సినిమాని నెత్తిన పెట్టుకున్న నేను, నిన్న మళ్లీ చూసేదాకా ఇది గమనించలేదు.

మామయ్యకి పొద్దున్నే ఫోన్ చేశాను. ఆ ఆరో పాయింట్ చదివే పంపావా అని కొంచెం గట్టిగానే అడిగాను. చదవలేదట, లారీ బొమ్మ చూసి పంపాడట. సినిమా మాత్రం చూశాడు, భాష అర్థం కాకపోయినా, యాక్సిడెంట్ దాకా. అక్కడ ఆపేశాడు.

“పక్కన ఇంకొకడు ఉన్నాడు కదరా,” అన్నాడు, “మాట్లాడుతూ ఉండాల్సింది.”