సాయం చేసే చేతికి కెమెరా ఎందుకు?

వరద బాధితుల ముఖాలను ఫొటోలు తీసి సోషల్ మీడియాలో పెట్టడం పూర్తిగా మానేయాలి. అడిగి తీస్తే తప్పేముంది, ముఖం మసకచేస్తే చాలదా అనే రాజీ మాటలకు నేను ఒప్పుకోను. హైదరాబాద్‌లో సహాయక చర్యలకు దిగే ప్రతి వలంటీరుకూ ఇది మొదటి నియమం కావాలి. మిగతా శిక్షణ అంతా ఆ తర్వాతే.

మన వలంటీర్ల సేవను తక్కువచేసే ఉద్దేశం నాకు లేదు. 2020 అక్టోబర్‌లో టోలిచౌకి నదీమ్ కాలనీ నీళ్లలో మునిగినప్పుడు, హఫీజ్ బాబా నగర్ ఇళ్లు బురదతో నిండినప్పుడు అధికారుల కంటే ముందు అక్కడికి అన్నం పొట్లాలు మోసుకెళ్లింది చుట్టుపక్కల కుర్రాళ్లే. 2025 సెప్టెంబర్ చివర్లో మూసీ పొంగి ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) ఆవరణలోకి నీళ్లొచ్చినప్పుడు కూడా నది ఒడ్డు బస్తీల వాళ్లకు ముందుగా అందింది ఇరుగుపొరుగు చెయ్యే. ఇంత మంచి పని చేసేవాళ్లు చివర్లో ఫోన్ బయటికి తీసి ఆ పనికి మచ్చ తెచ్చుకుంటున్నారు. నా బాధ అదే.

కమ్యూనిటీ హాల్లో ఇద్దరు పిల్లలతో లైన్లో నిలబడ్డ తల్లిని ఊహించుకోండి. నిన్నటిదాకా ఇంట్లో మెషీన్ మీద బ్లౌజులు కుట్టి, నెలనెలా అద్దె కట్టి ఎవరికీ చెయ్యి చాపకుండా బతికిన మనిషి. ఎదురుగా బియ్యం, పప్పు, నూనె ఉన్న కిట్. దాన్ని పట్టుకున్న కుర్రాడు ‘అమ్మా, ఒక్క ఫొటో తీసుకోవచ్చా?’ అంటాడు. ఆమె ఏమంటుంది? ‘సరే బాబూ’ అనే అంటుంది. వద్దంటే కిట్ ఆగిపోతుందేమోనన్న భయం ఉన్నచోట ఆ ‘సరే’కు విలువ లేదు. కాదంటే ఏ నష్టమూ ఉండదని తెలిసినప్పుడు ఇచ్చేదే అనుమతి. సహాయ శిబిరంలో ఆ పరిస్థితి ఉండదు కాబట్టి అక్కడ అడగడమే తప్పు.

కిట్‌లోని బియ్యం రెండు వారాల్లో అయిపోతాయి. ఫొటో మాత్రం ఏళ్ల తరబడి ఉండిపోతుంది. రేపు ఆమె కూతురికి సంబంధం చూసేవాళ్ల కంట పడొచ్చు, కొడుకు క్లాసులో పిల్లల ఫోన్లలో తిరగొచ్చు. బాలాపూర్ వైపు తలదాచుకున్న రోహింగ్యా కుటుంబాల విషయంలో ముఖమూ చిరునామా ఒకేచోట బయటపడటం పరువును మించిన ప్రమాదం. ప్రాణభయంతో దేశం దాటి వచ్చిన మనిషిని లోకానికి చూపించే హక్కు మనకు ఎవరిచ్చారు?

ఇవేవీ కొత్త మాటలు కావు. రెడ్‌క్రాస్, రెడ్ క్రెసెంట్ ఉద్యమమూ స్వచ్ఛంద సంస్థలూ కలిసి 1994లో రాసుకున్న ప్రవర్తనా నియమావళిలో పది సూత్రాలున్నాయి. ప్రచారంలో బాధితులను గౌరవం గల మనుషులుగా చూపాలి తప్ప నిస్సహాయ వస్తువులుగా కాదన్నది పదోది. సాయాన్ని రాజకీయ, మత ప్రయోజనానికి వాడకూడదన్నది మూడోది. కార్పొరేటర్ బొమ్మ ముద్రించిన సంచుల్లో బియ్యం పంచేవాళ్లు ముందు ఆ మూడోది చదవాలి. అంతదూరం ఎందుకు, మన పెద్దలు గుప్తదానం అన్నారు. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదన్న మాట ఈ నగరంలో మసీదులోనూ వినిపిస్తుంది, చర్చిలోనూ వినిపిస్తుంది. గురుద్వారా లంగర్‌లో ఉన్నవాడూ లేనివాడూ ఒకే వరుసలో కూర్చుని తింటారు. 2014లో నగరంలో మొదలైన ఐదు రూపాయల భోజనం కౌంటర్ దగ్గర కూలీ నాణెం ఇచ్చి ప్లేటు అందుకుంటాడు. ఐదు రూపాయలతో భోజనం ఖర్చు తీరదు. అయినా కొనుక్కుని తింటున్నానన్న నిబ్బరం ఆ మనిషికి మిగులుతుంది.

ఫొటోల కన్నా నన్ను ఎక్కువగా భయపెట్టేవి జాబితాలు. పేరు, ఫోన్ నంబరు, ఇంటి గుర్తులు, ఆధార్ జిరాక్స్, పక్కనే ‘భర్త లేరు, ఇద్దరు ఆడపిల్లలు’ అని ఒక ముక్క. ఇదంతా కలిపి వందల మంది ఉన్న వాట్సాప్ గ్రూపులో పడేస్తారు. రాసినవాళ్లది మంచి మనసే కావచ్చు. కానీ ఒంటరి ఆడమనిషి ఎక్కడుంటుందో ముక్కూమొహం తెలియని వందల మందికి చెప్పినట్టయింది. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లోనే తేల్చింది. రక్షణ, సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు బయటపెడితే ఆరు నెలల దాకా జైలు శిక్ష పడొచ్చని 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ చెబుతోంది. వరదలో తప్పిపోయిన పిల్లాడి ఫొటో నలుగురికీ పంపే ముందు పోలీసులకో, 1098 చైల్డ్ హెల్ప్‌లైన్‌కో చెప్పాలని ఎంతమంది వలంటీర్లకు నేర్పుతున్నాం?

ఫొటోలు లేకపోతే విరాళాలు రావని, డబ్బిచ్చినవాళ్లకు రుజువు చూపాలని అంటారు. రుజువు చూపాల్సిందే. దానికి బియ్యం బస్తాల ఫొటో ఉంది, దుకాణం బిల్లు ఉంది, ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఎంత మిగిలిందన్న లెక్క ఉంది. ఆ లెక్కను శిబిరం గోడకు కూడా అంటించాలి. తమ పేరు మీద ఎంత వసూలైందో తెలుసుకునే హక్కు దాతకన్నా ముందు బాధితులకు ఉంది. ఏడుపు ముఖం చూస్తే తప్ప జేబులో చెయ్యి పెట్టని దాతను ఆ అలవాటు నుంచి తప్పించడం కూడా వలంటీరు పనే.

ఈ ఫొటోల వల్ల ఇంకో పెద్ద నష్టం ఉంది. అందులో ఇచ్చే చెయ్యి, పుచ్చుకునే చెయ్యి కనిపిస్తాయి. తెగిన చెరువు కట్ట కనిపించదు. 1908 సెప్టెంబర్ 28న మూసీ వేల మందిని మింగింది. అఫ్జల్‌గంజ్‌లోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారని ఇప్పటికీ చెప్పుకుంటాం. ఆ తర్వాత నగరం అన్నం పెట్టి ఊరుకోలేదు. నీళ్లు ఎందుకొచ్చాయని అడిగింది, మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది, 1920కల్లా ఉస్మాన్‌సాగర్, 1927కల్లా హిమాయత్‌సాగర్ కట్టుకుంది. 2020లో కొన్నిచోట్ల 30 సెంటీమీటర్లు దాటి వాన పడింది, గుర్రం చెరువు కట్ట తెగింది. ప్రభుత్వం కుటుంబానికి పదివేలు ప్రకటించింది. ఆ డబ్బు కోసం జనం మీసేవ కేంద్రాల ముందు బారులు తీరారు. డిసెంబర్‌లో కార్పొరేషన్ ఎన్నికలు జరిగిపోయాయి. చెరువు నీళ్లు నిలిచే శిఖం భూమిలో ప్లాట్లు వేసిందెవరు, నాలా మీద స్లాబు పడుతుంటే చూస్తూ ఊరుకున్నదెవరు అన్న ప్రశ్నలు కిట్ల కింద, పదివేల కింద కప్పబడిపోయాయి. నీళ్లు రాని ఇల్లు ఆ కుటుంబాల హక్కు. దాని బదులు మనం దయ చూపిస్తున్నాం, ఆ దయను ఫొటో తీస్తున్నాం.

కెమెరా తిప్పాల్సింది చెరువు వైపు, నాలా వైపు. వరద తగ్గిన వారంలో బస్తీలో తిరిగేది వలంటీర్లే. ఏ గోడ మీద నీటి చార ఎంత ఎత్తున ఉంది, నాలా ఎక్కడ సన్నబడింది, రిటైనింగ్ వాల్ ఎక్కడ విరిగింది, ఏ గల్లీకి సాయం అసలు అందలేదు, ఇవన్నీ వాళ్ల కంటబడతాయి. వాటిని తేదీతో సహా ఫొటో తీసి, బస్తీవాళ్ల సంతకాలతో మున్సిపల్ వార్డు ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోవాలి. కదలిక లేకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాలి. ముప్పై రోజుల్లో జవాబివ్వడం అధికారుల బాధ్యత. కిట్లు పంచడానికి యాభై మంది కదిలిన కాలనీలో ఆ దరఖాస్తు రాయడానికి ఇద్దరు కూర్చోలేరా?