చేతులకు రావాల్సిన చదువు

అర్ధరాత్రి దాటింది. యాంటీబయాటిక్ ఇంజెక్షన్ చేసిన కాసేపటికే రోగికి ఒళ్లంతా దద్దుర్లు లేచాయి, ఊపిరి అందడం లేదు, బీపీ పడిపోతోంది. పక్కన ఉన్నది హౌస్‌సర్జన్ ఒక్కరే. ఇది అనాఫిలాక్సిస్, అంటే ప్రాణం మీదికొచ్చే తీవ్రమైన అలర్జీ అని ఆమెకు తెలుసు. తొడ కండరంలో అర మిల్లీగ్రాము అడ్రినలిన్ ఇవ్వాలనీ తెలుసు, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న జవాబే అది. కానీ వణుకుతున్న చేతులతో ఆంప్యూల్ (మందున్న చిన్న గాజు గొట్టం) మెడ విరిచి, ఒక మిల్లీలీటరులో ఉన్న ఒక మిల్లీగ్రాములోంచి సరిగ్గా సగం సిరంజిలోకి లాగడం ఆమె ఎన్నడూ చేయలేదు. ఆ తడబాటుకు ఆమెను తప్పుపట్టలేం. చేయించకుండా పట్టా ఇచ్చినవాళ్లదే తప్పు.

గుండె ఆగినవాళ్ల ఛాతీని నొక్కి బతికించే సీపీఆర్ నేర్పడానికి నార్వేలో బొమ్మల తయారీదారు ఆస్మండ్ లేర్డాల్ మనిషంత బొమ్మను తెచ్చింది 1960లో. మొదటి పొరపాటు బొమ్మ మీద జరగాలి, రోగి మీద కాదన్న ఆలోచన అంత పాతది. అయినా చాలాచోట్ల అది ఏడాదికోసారి జరిపే వర్క్‌షాప్‌గానే మిగిలింది. ఛాతీని నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతున నొక్కాలి. ఒకసారి నేర్చుకున్నా, కొన్ని నెలలు చేయకపోతే ఆ లయ, ఆ లోతు రెండూ చేయి మరిచిపోతుంది. సర్టిఫికెట్ మాత్రం ఫైల్లో భద్రంగా ఉంటుంది.

అంతకన్నా పెద్ద లోటు మాటల్లో ఉంది. ‘ఎవరైనా అడ్రినలిన్ తీయండి’ అని అరిస్తే గదిలో ఆరుగురున్నా ఎవరూ కదలరు, పక్కవాళ్లు తీస్తారనుకుంటారు. మనిషిని పేరుపెట్టి పిలవాలి, మందు, మోతాదు చెప్పాలి. విన్నవాళ్లు తిరిగి చెప్పాలి, ఇచ్చాక ‘ఇచ్చాను’ అనాలి. జూనియర్ డాక్టర్, నర్సు కలిసి సాధన చేస్తేగానీ ఇది అలవడదు. ఇద్దరికీ విడివిడిగా క్లాసులు పెట్టి, ప్రాణాపాయం వచ్చినప్పుడు ఒక జట్టులా పనిచేయమనడం ఏం న్యాయం?

కాబట్టి శిక్షణ లెక్చర్ హాల్లోంచి వార్డుకు రావాలి. అదే మంచం, అదే ఎమర్జెన్సీ ట్రాలీ, ఆ రోజు డ్యూటీలో ఉన్నవాళ్లే. ముందుగా చెప్పకుండా పది నిమిషాల మాక్ డ్రిల్ పెడితే చాలు. గొంతులోకి చూస్తూ శ్వాసగొట్టం వేసే లారింగోస్కోప్ బల్బు వెలగడం లేదని, ఆక్సిజన్ సిలిండర్ తాళం ఎక్కడుందో ఎవరికీ తెలియదని అప్పుడే బయటపడుతుంది. తర్వాత మరో పది నిమిషాలు కూర్చుని, ఏం జరిగిందో మాట్లాడుకోవాలి. అక్కడ తిట్లు మొదలైతే మాత్రం ఆ జూనియర్లు మరోసారి నోరు విప్పరు. రేపు నిజంగా టెన్షన్ పడే వేళ ‘నాకు రావడం లేదు, సాయం కావాలి’ అని కూడా అనరు. అసలు కేసు వచ్చినప్పుడు కూడా సీనియర్ డాక్టర్ జూనియర్లను పక్కకు నెట్టేయకుండా, వెనకే నిలబడి చేయించాలి.

రోగుల రద్దీలో తీరిక లేదని ఆసుపత్రులు చెబుతున్నాయి. ఆ రద్దీ మాకూ తెలుసు. అయినా డ్యూటీ చార్టులో రౌండ్స్‌కు ఉన్నట్టే డ్రిల్‌కూ వేళ రాసిపెట్టాలని, దాన్ని నడిపే సీనియర్‌కు ఆ పూట ఓపీ మినహాయించాలని కోరుతున్నాం.