మానవతకు తొమ్మిది, లారీకి సున్నా

ఉద్యోగుల బాగోగులు ముందా, పని ముందా అని ప్రపంచమంతా తల పట్టుకుని కూర్చున్న వేళ, యాసంగి ధాన్యం కొనుగోళ్ల పుణ్యమా అని నల్లగొండ జిల్లాలో ఆ చిక్కుముడి ఎప్పుడో విడిపోయిందన్న శుభవార్తను పాఠకులకు సవినయంగా విన్నవించుకుంటున్నాను.

1964లో రాబర్ట్ బ్లేక్, జేన్ మౌటన్ అనే అమెరికా పండితులు నాయకులను కొలవడానికి ఒక గళ్ల పటం గీశారు. అడ్డగీత మీద పని పట్ల శ్రద్ధ, నిలువుగీత మీద మనుషుల పట్ల శ్రద్ధ, రెండింటికీ ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు. పనికి తొమ్మిది, మనుషులకు ఒకటి తెచ్చుకున్నవాడు హుకుం జారీ చేస్తాడు. అంకెలు తారుమారైతే అందరిచేతా మంచివాడనిపించుకుంటాడు గానీ పని సాగదు. ఐదూ ఐదూ దగ్గర ఆగినవాడు పెన్షన్ దాకా క్షేమంగా ఉంటాడు (ఈ చివరి మాట వారిది కాదు, మన కార్యాలయాలది). రెండింటా తొమ్మిది తెచ్చుకున్నవాడే ఉత్తముడని వారు తేల్చారు. ఆ రెండు తొమ్మిదులను ఒకే అధికారిలో ఎలా ఇమడ్చవచ్చో మాత్రం మన దగ్గరే చూడాలి.

పద్ధతి సులువే. ఉదయం ఆరింటికి వాట్సాప్ గ్రూపులో మనుషుల పట్ల శ్రద్ధ: "ఎండలు ముదిరాయి, అందరూ మజ్జిగ తాగండి, ఆరోగ్యమే మహాభాగ్యం." రాత్రి తొమ్మిదింటికి టెలికాన్ఫరెన్స్‌లో పని పట్ల శ్రద్ధ: కాంటా అయిన ధాన్యం మిల్లుకు ఎందుకు చేరలేదో తెల్లారేసరికి సంజాయిషీ ఇవ్వాలి. రెండు శ్రద్ధలూ ఒకదానికొకటి ఎదురుపడవు గనుక గొడవే లేదు.

ఈ శాస్త్రానికి లొంగనిది కొనుగోలు కేంద్రం నడిపే మహిళా సంఘం సభ్యురాలు ఒక్కతే. తేమ యంత్రంలో గుప్పెడు వడ్లు పోసి చూస్తే పదిహేడు శాతం దాటుతుంది. ఆరబెట్టమంటే రైతుకు కోపం, తీసుకుంటే మిల్లువారికి కోపం. తూకమైన నలభై కిలోల బస్తాలు ఎండలో పడి ఉంటాయి. బస్తాల లెక్కన కూలి తీసుకునే హమాలీలు వేపచెట్టు కింద తువ్వాలలు పరుచుకుని దారి వైపు చూస్తుంటారు, ఎందుకంటే లారీ రాని రోజున వారికి దక్కేది పైన చెప్పిన మజ్జిగ సలహా మాత్రమే. లారీలేమో మిల్లుల ముందు బారులు తీరి ఉంటాయి. వాటిని కదిలించే ఫోను ఆమె చేతిలో లేదు, సంజాయిషీ అడిగేవారి చేతిలోనే ఉంది.

మొన్నటి సమీక్షలో అధికారి కరుణ పొంగి, "ఇబ్బందులేమైనా ఉంటే మనసు విప్పి చెప్పండమ్మా" అన్నారట. ఆమె, "లారీ పంపుండ్రి సారూ, గంతే" అన్నదట. సభ నివ్వెరపోయింది. ఈ జవాబును అడ్డగీత మీద వేయాలా, నిలువుగీత మీద వేయాలా? లారీ వస్తే హమాలీకి కూలి, రైతుకు పైసలు, ఆమెకు నిద్ర, అధికారికి టన్నుల లెక్క, అన్నీ ఒకే బండిలో దిగిపోతాయి. ఇక నాయకత్వ లక్షణాల మీద ఉపన్యాసాలిచ్చేవారు ఏమైపోవాలి?

అందుచేత సమావేశపు మినిట్స్‌లో ఇలా నమోదైంది: "సిబ్బంది సంక్షేమంపై సుదీర్ఘంగా చర్చించడమైనది. కేంద్రాల ఇన్‌ఛార్జులకు ఒత్తిడి నివారణపై ఒక రోజు శిక్షణ ఇవ్వాలని తీర్మానించడమైనది. వారిని జిల్లా కేంద్రానికి తరలించుటకు వాహనాలు సిద్ధముగా ఉన్నవి."